ఆంధ్ర చిత్రకళా వైతాళికుడు దామెర్ల రామారావు

భారతీయుల దృష్టిలో చిత్రకళ కేవలం వినోద సాధనం కాదు. అది ఒక శాస్త్రం, ఒక తపస్సు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఈ కళానియమాలను విపులంగా నిరూపించింది. వాత్స్యాయన సూత్రాలకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రానికి ఆరు అంగాలను పేర్కొన్నాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్య యోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనేవి ఆ షడంగాలు. వీటిలో భావం మనస్సుకు చెందినది. సాదృశ్యం కంటికి చెందినది. మనసు ఊహించిన దానిని చిత్రించాలా, కన్ను చూసిన దానిని చిత్రించాలా అన్న ప్రశ్న చిత్రకళ ఎంత ప్రాచీనమో అంత ప్రాచీనం. మన పూర్వులు రెండింటినీ ఒకే పట్టికలో చేర్చడం ద్వారా ఏ ఒక్కటీ రెండవదానిని విడిచి మనజాలదని సూచించారు.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఈ ప్రశ్న మళ్లీ తలయెత్తింది. ఈసారి అది శాస్త్రచర్చగా మాత్రమే మిగలలేదు. దేశాభిమానంతో ముడిపడి, చిత్రకారులను రెండు శిబిరాలుగా చీల్చింది. ఆ వివాదానికి వాదంతో కాక కుంచెతో సమాధానం చెప్పిన తెలుగువాడు దామెర్ల రామారావు. ఆయన జీవించినది ఇరవై ఎనిమిది సంవత్సరాలు కూడా నిండని అల్పకాలం. కళాకారుడిగా పనిచేసినది అందులో పదేళ్లకు మించదు. అయినా ఆధునికాంధ్ర చిత్రకళా చరిత్రను ఆయన పేరుతోనే ఆరంభించడం పరిపాటి అయింది.

తెలుగునాట చిత్రకళకు గొప్ప వారసత్వమే ఉంది. విజయనగర రాజుల కాలంలో లేపాక్షి ఆలయపు కప్పుల మీద చిత్రకారులు రచించిన పురాణగాథలు నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నాయి. కాళహస్తి, మచిలీపట్నాల కలంకారీ వస్త్రాలు ఖండాంతరాలకు వెళ్లాయి. కాని రాజాశ్రయం అంతరించి, కుంఫిణీ పాలన స్థిరపడిన తరువాత ఈ ధార సన్నగిల్లింది. చిత్రకారుడు అంటే నాటకాల తెరలు, అంగళ్ల పలకలు రాసేవాడు అన్న భావన బలపడింది. ఇళ్ల గోడల మీద రాజా రవివర్మ చిత్రాల ముద్రిత ప్రతులు వెలిశాయి. రవివర్మ తైలవర్ణాల వాడుకనూ, వెలుగునీడల కల్పననూ పాశ్చాత్య పద్ధతిలో సాధించి, పౌరాణిక పాత్రలకు మాంసలమైన ఆకృతిని ప్రసాదించాడు. ఆయన 1906లో మరణించే నాటికే ఆ పద్ధతి భారతీయమేనా అన్న సందేహం దేశంలో మొదలైంది.

అటువంటి సంధికాలంలో దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి వేంకటరమణారావు వైద్యులు. తల్లి లక్ష్మీదేవి. నన్నయభట్టు మహాభారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన ఆ నగరం, రామారావు పుట్టేనాటికి కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమానికి కేంద్రంగా విలసిల్లుతున్నది. ఆయన పుట్టిన సంవత్సరమే గోదావరి మీద తొలి రైలు వంతెన నిర్మాణం ఆరంభమై, 1900లో ముగిసింది. ఒకవైపు ఆదికవి నాటి సంప్రదాయం, మరొకవైపు ఆవిరి యంత్రాలతో అడుగుపెట్టిన ఆధునికత, ఈ రెండింటి నడుమ పవిత్ర గోదావరి. రామారావు బాల్యం ఈ వాతావరణంలో గడిచింది. పాఠశాల చదువులకంటె బొమ్మలు గీయడంలోనే ఆ బాలుని మనసు లగ్నమయ్యేది. ఆ కాలంలో చిత్రలేఖనం బతుకుతెరువు చూపే విద్య కాదు. మధ్యతరగతి కుటుంబాలు తమ బిడ్డలను న్యాయవాదులుగానో, ప్రభుత్వోద్యోగులుగానో చూడగోరేవి. కాబట్టి ఆ బాలుని అభిరుచి వికసించాలంటే దానిని గుర్తించగల పెద్దదిక్కు అవసరమైంది.

ఆ పెద్దదిక్కు ఒక ఆంగ్లేయుని రూపంలో లభించింది. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే 1909లో రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా వచ్చారు. ఆయన స్వయంగా కవి, చిత్రకారుడు. పాలకజాతికి చెందినవాడైనా పాలితుల సంస్కృతిని తక్కువగా చూడని సహృదయుడు. గోదావరి తీరాన్నీ, తెలుగు పల్లెలనూ, దేవాలయాలనూ కాలినడకన చూసి ఆనందించిన రసజ్ఞుడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మొదలైన యువకులు ఆయన ప్రోత్సాహంతోనే కళాసాహిత్య రంగాలలో వికసించారు. రామారావు గీతలలోని సహజశక్తిని గుర్తించి, ఆయన జీవితానికి దిశను నిర్దేశించినవారు కూల్డ్రేయే.

కూల్డ్రే శిష్యులకు అందించినవి కేవలం రేఖాపాఠాలు కావు. చుట్టూ ఉన్న ప్రపంచాన్ని చూడడం ఆయన నేర్పారు. ఇంగ్లండు చిత్రాలకు నకళ్లు తీసి మెప్పు పొందడం తేలిక. కాని స్నానఘట్టం మెట్ల మీద నీళ్లబిందెతో నడిచే స్త్రీ నడకను, పడవ వాని భుజాల వంపును, ఇసుకతిన్నె మీద సాయంకాలపు రంగును పట్టుకోవడం కష్టం. నిత్యమూ చూస్తున్నదానిని మనం నిజంగా చూడము. కూల్డ్రే సాన్నిధ్యంలో రామారావుకు తన ఊరే ఒక పాఠ్యగ్రంథమైంది. పరాయిదేశం నుండి వచ్చిన ఒక అధికారి తెలుగు బాలునికి తెలుగునేల సౌందర్యాన్ని చూపవలసి రావడం ఆనాటి మన విద్యావిధానంలోని లోపానికి నిదర్శనం. ఆ లోపాన్ని తన వంతుగా సరిదిద్దడం ఆ గురువు గొప్పతనం.

కూల్డ్రే చొరవతో రామారావు 1916లో బొంబాయి చేరి, సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశించారు. 1857లో స్థాపితమైన ఆ సంస్థ ఆనాడు దేశంలోని ప్రముఖ చిత్రకళాశాలలలో ఒకటి. సెసిల్ బర్న్స్ దానికి అధ్యక్షులుగా ఉండేవారు. అక్కడి బోధన ఐరోపా పద్ధతిలో సాగేది. విద్యార్థి మొదట జడవస్తువులను, ప్రాచీన గ్రీకు శిల్పాల సున్నపు ప్రతిరూపాలను చూసి గీయాలి. తరువాత సజీవులైన మనుషులను ఎదుట కూర్చుండబెట్టుకొని చిత్రించాలి. వస్తువు మీద వెలుగు ఎటునుండి పడుతున్నది, నీడ ఎక్కడ చిక్కనవుతున్నది, దూరం వెళ్లిన కొద్దీ ఆకారం ఎంత చిన్నదవుతున్నది అనే అంశాలను గణితశాస్త్రమంత నిష్ఠతో అభ్యసించాలి. 1919లో ఆ సంస్థకు వచ్చిన గ్లాడ్‌స్టన్ సాలమన్ మానవ శరీర నిర్మాణ అధ్యయనానికి మరింత ప్రాధాన్యం కల్పించారు. రామారావు ఈ శిక్షణలో అగ్రగణ్యులై, సువర్ణపతకాన్ని గెలుచుకొని, 1920లో విద్యను ముగించారు. ఎముక ఎక్కడ వంగుతుందో, కండరం ఎక్కడ బిగుస్తుందో ఎరిగిన చేయి ఆయనకు సిద్ధించింది. దీనినే మనం వాస్తవిక చిత్రణ అంటాము.

అదే కాలంలో దేశానికి తూర్పు దిక్కున దీనికి పూర్తిగా భిన్నమైన ఉద్యమం విజృంభిస్తున్నది. కలకత్తా కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉన్న ఇ.బి. హావెల్, ఆయన సహచరులైన అవనీంద్రనాథ ఠాకూరు పాశ్చాత్య పద్ధతిని నిరసించి, మొగలు, రాజపుత్ర, అజంతా చిత్రాలను ఆదర్శంగా నిలిపారు. 1905 నాటి వంగభంగ ఉద్యమం వారి ఆశయానికి జాతీయభావ బలాన్ని చేకూర్చింది. చిత్రకారుడు నమూనాను ఎదుట నిలుపుకొని గీయరాదని, ధ్యానంలో సాక్షాత్కరించిన రూపాన్నే చిత్రించాలని వారి సిద్ధాంతం. అవనీంద్రుడు భారతీయ శిల్పంలోని అవయవ నిర్మాణాన్ని గూర్చి రాస్తూ, మన కళలో కన్ను చేపనో, కలువరేకునో పోలి ఉంటుందేగాని ఏ ఒక్క వ్యక్తి కంటినీ పోలి ఉండదని వివరించాడు. కావ్యాలు చదివిన వారికి ఈ మాట కొత్త కాదు. మన ప్రబంధ నాయికలందరూ మీనాక్షులే, పద్మనేత్రలే. అక్కడ ఉపమానమే ప్రధానం. ఉపమేయమైన వ్యక్తి వెనుకకు తొలగిపోతుంది.

ఈ ఉద్యమం జాతికి ఆత్మగౌరవాన్ని ప్రసాదించింది. నందలాల్ బోస్ వంటి మహాచిత్రకారులను తీర్చిదిద్దింది. దాని ప్రభావం తెలుగుదేశాన్నీ తాకింది. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశీయుడైన ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళను బోధించారు. అడివి బాపిరాజు ఆయన శిష్యులే. అయితే కాలక్రమంలో ఈ పద్ధతికి ఒక జాడ్యం సంక్రమించింది. ప్రతిభావంతుల చేతిలో ధ్యానమైనది, అనుకర్తల చేతిలో అలవాటుగా మారింది. పొగమంచు వంటి మసకరంగులు, శరీరబలం లేని సన్నని ఆకృతులు, అరమోడ్పు కన్నులు అన్ని చిత్రాలలోనూ పునరావృతమయ్యాయి. చూడడం మానివేసిన కన్ను ఊహకు కొత్త ఆహారాన్ని అందించలేదు. ఆహారం లేని ఊహ క్రమంగా క్షీణిస్తుంది.

ఈ రెండు మార్గాలకు నడుమ నిలిచిన రామారావుకు దారిచూపినది అజంతా. రెండు వేల సంవత్సరాల నాడు ఆరంభమై, క్రీస్తుశకం అయిదవ శతాబ్దిలో పరిణతి పొందిన ఆ గుహాచిత్రాలకు 1909, 1911 సంవత్సరాల నడుమ లేడీ హెరింగ్‌హామ్ నాయకత్వంలో ప్రతులు సిద్ధమయ్యాయి. అప్పటినుండి దేశమంతటా వాటిపట్ల ఆసక్తి పెరిగింది. బొంబాయిలో ఉన్న కాలంలో రామారావు కూడా వాటిని అధ్యయనం చేశారు. వంగ చిత్రకారులు అజంతాలో భావాన్ని చూశారు. మానవ శరీర నిర్మాణాన్ని క్షుణ్ణంగా చదివిన రామారావు వంటి చిత్రకారునికి అక్కడ మరొకటి కూడ కనిపించకపోదు. ఒక్క గీతతో భుజాన్ని చుట్టి, మెడను వంచి, వేళ్లను ముడిచిన ఆ అజ్ఞాత చిత్రకారులు నిజమైన భుజాలను, మెడలను, వేళ్లను ఏళ్ల తరబడి పరిశీలించిన వారే కావాలి. ఏనుగును చూడనివాడు అజంతా ఏనుగును గీయలేడు. సాదృశ్యాన్ని సాధించిన తరువాతనే వారు భావాన్ని అందుకొన్నారు. బొంబాయి నేర్పినది, కలకత్తా కోరినది, రెండూ అజంతాలో కలిసి ఉన్నాయి. రామారావు తరువాతి చిత్రాలలో కనిపించే సమన్వయానికి మూలం ఇదేనని చెప్పవచ్చు.

విద్య ముగిసిన అనంతరం రామారావు గుజరాతు, కాఠియవాడ ప్రాంతాలలో పర్యటించారు. అక్కడి ప్రజల వేషభాషలను, పశుపాలకుల జీవితాన్ని పరిశీలించారు. చిత్రకారునికి బొంబాయిలో ఆదరణ ఉంది. సంపన్నుల రూపచిత్రాలు గీసి సుఖంగా జీవించే అవకాశం ఉంది. రాజమహేంద్రవరంలో కళాప్రదర్శనశాల లేదు, చిత్రాలు కొనే అలవాటు గల ప్రజలు లేరు, సాటి చిత్రకారుల సమాజం లేదు. ఆయన మాత్రం స్వస్థలానికే మరలి వచ్చారు. తెలుగువారికి తమదైన చిత్రకళారీతి ఉండాలనీ, అది తెలుగునేల మీదనే పుట్టాలనీ ఆయన సంకల్పం. ఆయన జీవితంలో ఇదే కీలకమైన నిర్ణయం. బొంబాయిలో స్థిరపడి ఉంటే మరొక మంచి చిత్రకారుడు మాత్రమే అయ్యేవారు.

1920 తరువాతి కొద్ది సంవత్సరాలలో రామారావు రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పారు. తనకంటె రెండేళ్లు పెద్దవారైన వరదా వేంకటరత్నం ఆయనకు మిత్రులుగా, సహచరులుగా, అనుయాయులుగా నిలిచారు. ఆ శాలలో వస్తు పరిశీలన పునాది. స్వతంత్ర రచన దానిమీద నిలిచే సౌధం. విద్యార్థులు నదీతీరానికి వెళ్లి చెట్లను, పడవలను, మనుషులను చూసి గీసేవారు. మానవ దేహాన్ని అధ్యయన వస్తువుగా స్వీకరించడం ఆనాటి సమాజంలో సాహసమే. కళను గూర్చి తెలియనివారు దానిని అపార్థం చేసుకొనే కాలమది.

ఆ సాహసంలో ఆయనకు ఇంటినుండే అండ లభించింది. భార్య సత్యవాణి భర్త వద్ద చిత్రకళను అభ్యసించి స్వయంగా చిత్రకారిణి అయ్యారు. సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టారు. స్త్రీలు పాఠశాలకు వెళ్లడమే అరుదైన రోజులలో, ఒకే కుటుంబంలో ఇద్దరు స్త్రీలు చిత్రకారిణులుగా రూపొందడం విశేషం. కందుకూరి ఆ నగరంలో చల్లిన సంస్కరణ బీజాలు కళారంగంలో ఈ విధంగా మొలకెత్తాయని భావించవచ్చు.

రామారావు చిత్రాలలో ‘ఋష్యశృంగ భంగం’ సుప్రసిద్ధం. రామాయణ బాలకాండలోని ఆ కథ అందరికీ తెలిసినదే. విభాండకుని కుమారుడైన ఋష్యశృంగుడు అరణ్యంలో పుట్టి పెరిగినవాడు. వేదవేదాంగాలు ఎరుగును; స్త్రీ రూపాన్ని మాత్రం ఎరుగడు. అంగదేశంలో కరవు నివారణకై రోమపాదుడు పంపిన వారకాంతలు ఆయన ఆశ్రమానికి వస్తారు. ఇది తపోభంగ కథగా ప్రసిద్ధం. మరొకవిధంగా చూస్తే, లోకాన్ని గ్రంథాలలో మాత్రమే చదివిన ఒకడు లోకాన్ని తొలిసారి కంటితో చూసిన కథ కూడ ఇదే. ఆ చూపు వల్లనే అంగదేశంలో వాన కురిసింది. సూత్రాలకే పరిమితమైన కళ ఎదుట సజీవ ప్రపంచం నిలిచిన వేళను ఈ ఇతివృత్తం స్ఫురింపజేస్తున్నది. కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఈ చిత్రం బహుమతి పొంది, రామారావు కీర్తిని దేశమంతటా వ్యాపింపజేసింది.

1922లో చిత్రించిన ‘సిద్ధార్థ రాగోదయం’ మరొక ఉత్తమ రచన. బుద్ధుని జీవితం నుండి చిత్రకారులు సాధారణంగా గ్రహించేది వైరాగ్యోదయాన్ని. రామారావు గ్రహించినది రాగోదయాన్ని. సర్వసంగ పరిత్యాగి కాబోయే యువరాజు హృదయంలో యశోధర పట్ల అనురాగం అంకురించిన క్షణం ఇందులోని వస్తువు. ప్రేమించిన దానిని విడిచినప్పుడే త్యాగానికి విలువ. రాగం తెలియనివాని విరాగంలో బరువు ఉండదు. ఇటువంటి మానవీయ దృష్టి వాస్తవాన్ని గౌరవించే చిత్రకారునికే సాధ్యం.

‘పుష్పాలంకరణ’, ‘కార్తీక పౌర్ణమి’, ‘నందిపూజ’ వంటి చిత్రాలలో వస్తువు మన ఇళ్లలోనిదే, మన గుడులలోనిదే. ఆ స్త్రీలు ఏ దేశానికీ చెందని ఊహాసుందరులు కారు, తెలుగు స్త్రీలు. వారి చీరకట్టు, కొప్పుముడి, కూర్చున్న తీరు, నిలిచిన భంగిమ గోదావరి మండలానికి చెందినవి. అయినా అవి ఛాయాచిత్రాల వలె ఉన్నదున్నట్లు దించినవి కావు. అనవసరమైన వివరాలను తొలగించి, రేఖకు లయను కూర్చి, వర్ణాలకు ప్రశాంతతను కల్పించడం వల్ల నిత్యజీవిత దృశ్యం కావ్యస్థాయిని పొందింది. ఇక్కడ సాదృశ్యం దేహం, భావం ప్రాణం.

ప్రకృతి చిత్రణలో రామారావు ప్రతిభ మరింత స్పష్టంగా గోచరిస్తుంది. దీనిని గ్రహించడానికి తూర్పు కనుమల స్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. విశాఖ మన్యంలో అరకు లోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో 1,600 మీటర్లకు పైగా ఎత్తు గల శిఖరాలతో వెలసిన ఈ పర్వతపంక్తి నైరుతి దిశగా రంపచోడవరం అడవుల మీదుగా సాగి గోదావరిని కలుస్తుంది. అక్కడ పాపికొండల నడుమ నది ఇరుకైన మార్గంలో కొండలను చీల్చుకొని ప్రవహిస్తుంది. విశాలమైన ఇసుకతిన్నెల నది ఒక్కసారిగా లోతైన నీలిమడుగుగా మారిపోతుంది. కోయలు, కొండరెడ్లు, ఇంకా ఎగువన కొండదొరలు, పోర్జాలు, గదబలు, భగతలు మొదలైన గిరిజన తెగలవారు తరతరాలుగా ఈ కొండలలో నివసిస్తున్నారు. ఆ సీమను దాటి వచ్చిన గోదావరి రాజమహేంద్రవరం వద్ద సముద్రమంత విశాలమై దర్శనమిస్తుంది.

మన ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు ప్రసిద్ధాలు. శైలవర్ణన వాటిలో ఒకటి. ఆ వర్ణనలలోని పర్వతంలో సకల వృక్షాలు ఉంటాయి, సకల మృగాలు ఉంటాయి. కిన్నెరలు, సిద్ధులు విహరిస్తుంటారు. అది పర్వతమనే భావనకు రూపమేగాని, ఫలానా కొండ కాదు. కొండ పేరును మార్చినా వర్ణన మారదు. రామారావు తూర్పు కనుమలలోని గోదావరిని చిత్రించినప్పుడు అది ఆ నదే, అవి ఆ కొండలే. ఏ వేళ ఏ వాలు మీద వెలుగు పడుతుందో, దూరపు కొండ ఎందువల్ల నీలంగా కనిపిస్తుందో, నీటిలో కొండనీడ ఎంతవరకు సాగుతుందో ఎరిగిన పరిశీలన ఆ చిత్రణకు మూలం. నీటివర్ణాల పారదర్శకత ఈ వస్తువుకు తగిన సాధనమైంది. కవులు సామాన్యంగా చెప్పిన కొండను ఆయన విశేషంగా చూపారు. వర్ణన నుండి దర్శనానికి నడిచిన ఈ నడకయే ఆయన కళాజీవితపు సారాంశం.

రామారావు కృషి ఉచ్చస్థితిలో ఉన్న ఆ సంవత్సరాలలోనే ఈ కొండలు చరిత్రకెక్కాయి. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో ఆరంభమైన అల్లూరి సీతారామరాజు పోరాటం 1924 మే నెలలో ఆయన వీరమరణం వరకు మన్యమంతటా సాగింది. అడవి చట్టాలతో గిరిజనుల బతుకును కట్టడి చేసిన పాలకులకు ఈ కొండలు కలపనిచ్చే ఆదాయ వనరు. చిత్రకారునికి అవి నేత్రపర్వం. అక్కడ పుట్టినవారికి అవి ఇల్లు. ఒకే కొండ చూసేవారిని బట్టి ఇన్ని రూపాలు ధరించింది. రామారావు చిత్రం రాజకీయ ప్రకటన కాదు. కాని ఒక ప్రదేశాన్ని ఆదరంతో, శ్రద్ధతో చూడడం దానిని గౌరవించడంలో మొదటి మెట్టు. మైదాన ప్రాంతాల విద్యావంతులు మన్యాన్ని జ్వరాల సీమగా భావించి దూరంగా ఉంచిన కాలంలో, తూర్పు కనుమల అందం కళావస్తువుకాగలదని నిరూపించడం సామాన్య విషయం కాదు.

రామారావు ప్రతిభకు గుర్తింపు త్వరగానే లభించింది. నాటి వైస్రాయి లార్డ్ రీడింగ్ ఆయన చిత్రాన్ని కొనుగోలు చేశారు. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో ఆయన చిత్రాలకు స్థానం లభించింది. ఆంధ్ర చిత్రకళకు ప్రత్యేకమైన రీతి ఒకటి రూపుదిద్దుకొంటున్నదని దేశంలోని కళావిమర్శకులు గ్రహించసాగారు.

ఇంతలోనే విధి వక్రించింది. మశూచి వ్యాధికి గురై రామారావు 1925 ఫిబ్రవరి 6వ తేదీన కన్నుమూశారు. ఇరవై ఎనిమిదవ జన్మదినానికి ఇంకా నెలరోజుల వ్యవధి ఉంది. మశూచికి టీకా కనుగొని అప్పటికే శతాబ్దం దాటింది. అయినా ఆ మహమ్మారి భారతదేశంలో లక్షలాది ప్రాణాలను బలిగొంటూనే ఉంది. ప్రపంచం దాని బారినుండి పూర్తిగా విముక్తమైనట్లు ప్రకటించినది 1980లో. ఆయన స్థాపించిన చిత్రకళాశాల ఇంకా శైశవంలోనే ఉంది. ఆయన ఆలోచన సంపూర్ణ సిద్ధాంతంగా, ఆయన రీతి స్థిరమైన సంప్రదాయంగా పరిణమించడానికి కావలసిన కాలం లభించలేదు. తెలుగు చిత్రకళకు కలిగిన ఈ నష్టం పూడ్చరానిది.

గురువు మరణంతో శిష్యబృందం చెల్లాచెదురు కాకుండా కాపాడినవారు వరదా వేంకటరత్నం. ఆయన తన స్వంత కీర్తిని లెక్కచేయక, మిత్రుని చిత్రాలను సేకరించి భద్రపరచడానికి, చిత్రకళాశాలను కొనసాగించడానికి జీవితాన్ని అంకితం చేశారు. ఆ కృషి ఫలితమే రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రకళామందిరం. రామారావు తైలవర్ణ చిత్రాలు, నీటివర్ణ చిత్రాలు, పెన్సిలుతో గీసిన అధ్యయన రేఖలు అక్కడ కొలువుతీరి ఉన్నాయి. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మల చిత్రాలకు కూడ ఆ మందిరంలో చోటు దక్కింది. పూర్తయిన చిత్రాలకంటె ఆ పెన్సిలు రేఖలు విద్యార్థులకు ఎక్కువ బోధిస్తాయి. ఒక చేతివంపు కోసం, ఒక మెడతిరుగుడు కోసం ఆ చిత్రకారుడు ఎంత శ్రమించాడో అవి నిశ్శబ్దంగా తెలుపుతాయి.

రామారావు ఎదుర్కొన్న సమస్య ఒక్క తెలుగుదేశానిది కాదు. ఆయన బొంబాయికి వెళ్లడానికి ముందు సంవత్సరం, అనగా 1915లో, రష్యా చిత్రకారుడు కజిమీర్ మాలెవిచ్ తెల్లని భూమిక మీద ఒక నల్లని చతురస్రాన్ని మాత్రమే గీసి ప్రదర్శించాడు. వస్తువుతో, మనిషితో, ప్రకృతితో సంబంధం లేని నైరూప్య చిత్రకళకు అది పతాక వంటిది. అదే మాలెవిచ్ తన జీవిత చరమాంకంలో మళ్లీ మనుషుల ముఖాలవైపు మరలి, 1933లో తన రూపాన్ని తానే వాస్తవిక రీతిలో చిత్రించుకొన్నాడు. దీనికి ఆనాటి సోవియట్ ప్రభుత్వ ఒత్తిడులు కొంతవరకు కారణం కావచ్చు. ఏది ఏమైనా, రూపాన్ని పూర్తిగా విడిచిన చిత్రకారుని కుంచె చివరకు రూపాన్నే ఆశ్రయించింది. మాలెవిచ్ ఒక కొస నుండి మరొక కొసకు ప్రయాణించాడు. రామారావు రెండు కొసలనూ కలిపే వంతెనను నిర్మించడానికి ప్రయత్నించారు.

స్వదేశీయమైనదంతా ఊహాప్రధానమని, వాస్తవికమైనదంతా విదేశీయమని భావించిన కాలంలో రామారావు ఆ విభజనను అంగీకరించలేదు. బొంబాయిలో నేర్చిన విద్యను పరాయిదని విసర్జించలేదు. అజంతాలో కనుగొన్న రేఖను పాతదని వదలలేదు. రెండింటినీ గోదావరి నీటిలో కలిపి తెలుగు రంగును సాధించారు. తన నేలను తాను చూడగలిగినవాడే దానిని గూర్చి సొంతమాట చెప్పగలడని ఆయన చిత్రాలు నిరూపిస్తున్నాయి. ఈ సూత్రం చిత్రకళకే కాదు, సాహిత్యానికీ, శాస్త్రానికీ, సమస్త విద్యలకూ వర్తిస్తుంది.

విద్యార్థులు గ్రంథాల నుండి పొందే జ్ఞానం భావం వంటిది; స్వయంగా చూసి, పరీక్షించి తెలుసుకొన్నది సాదృశ్యం వంటిది. ఒకటి లేక రెండవది రాణించదు. అరకు కొండల అంచున ఉన్నా, గోదావరి గట్టున ఉన్నా, నగరపు వీథిలో ఉన్నా, చుట్టూ ఉన్న లోకాన్ని శ్రద్ధగా చూసే అలవాటును చిన్ననాటనే పెంపొందించుకోవాలి. స్వల్పజీవితంలో అనల్పమైన కృషి చేసి, తెలుగువారి కంటికి తెలుగునేలను కొత్తగా చూపిన దామెర్ల రామారావు ఆంధ్ర చిత్రకళా చరిత్రలో చిరస్మరణీయులు.